పాత పెట్టెలో జీపీఎస్

మా ఆయనకి ఒక నమ్మకం ఉంది. విలువైన వస్తువేదైనా తేనెటీగల పెట్టెలో దాస్తే దొంగ అనేవాడు ముట్టుకోడని. బండి కాగితాలు, ఇంటి తాళాలు, ఒకసారి నా చెవికమ్మలు కూడా షెడ్డు వెనక ఉన్న పాత ఖాళీ పెట్టెలో పడేసి మూత పెట్టాడు. "పెట్టెను చూస్తేనే జనం ఆమడ దూరం పారిపోతారు, ఇంతకన్నా బీరువా ఎక్కడుందే?" అంటాడు. జనం పారిపోతారు, నిజమే. ఈగలు పారిపోవుగా! ఆ సంగతి ఈ మహానుభావుడి బుర్రకి ఇన్నేళ్ళూ తట్టలేదు.

మాది తేనెటీగల పని. ఎక్కడ పూత ఉంటే అక్కడికి పెట్టెలు తీసుకెళ్ళి దింపుతాం, పూత రాలగానే ఎత్తుకుని ఇంకో చోటికి పోతాం. ఆ చోట్లన్నీ మా ఆయన అరచేతిలో పట్టే జీపీఎస్ డబ్బాలో గుర్తులు పెట్టుకున్నాడు. బండిలో నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంటాడు గానీ దారి మాత్రం చెప్పడు. అడిగితే "నీకెందుకు, డబ్బా చూపిస్తుందిగా" అని కసురుతాడు. నేను పొగ ఊదాలి, తేనెపట్టు ఫ్రేములు పట్టుకోవాలి, చేతులు వాచేలా కుట్టించుకోవాలి. దారి మాత్రం ఆయనగారి సొత్తు.

పోయిన నెలలో మా బండి కొండదారిలో కాలవలోకి జారింది. బండి మెకానిక్ షెడ్డుకి పోయింది, ఆయన ఆస్పత్రికి పోయాడు. ఎముకల డాక్టరు కాలికి కడ్డీ వేసి, ఇక బరువులెత్తే పని మర్చిపొమ్మన్నాడు. ఇంటికొచ్చి మంచం మీద వాలగానే ఆయన అన్న మొదటి మాట, "మీసాలాయనకి కబురు పెట్టు. పెట్టెలన్నీ ఇచ్చేద్దాం."

మీసాలాయన అంటే పని మానేసే వాళ్ళ దగ్గర పెట్టెలు కొనే మనిషి. ఎవరి కాలు విరిగినా, ఎవరి నడుం పట్టేసినా ఆయనకి ముందే తెలుస్తుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకివ్వాలి? మీరు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వాటికి పంచదార పాకం పోసిందెవరు? చీమలెక్కకుండా చూసిందెవరు? నేను కాదూ?"

"పాకం పొయ్యడం వేరు, పూతకి తోలుకెళ్ళడం వేరు. సందు చివర కొట్టుకెళ్ళి దారి తప్పి వచ్చే దానివి నువ్వు."

అది ఒక్కసారి జరిగింది, పెళ్ళైన కొత్తలో. ఇప్పటికీ నలుగురు చేరితే చాలు, ఆ కథ బయటికి తీస్తాడు.

నేను ఊరుకోలేదు. నాకు ఆ ఈగలంటే ప్రాణం. పొద్దున్నే పెట్టె మీద చెవి పెట్టి వింటే లోపల బాగుందో లేదో చెప్పేస్తాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే. అవి పోతే మంచం పక్కన కూర్చుని ఈయనకి మందులివ్వడం తప్ప నాకింకేం మిగలదు. ఆ మాటే మొహం మీద అనేశాను. చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా చివరికి మెత్తబడ్డాడు. మెత్తబడి ఒక మెలిక పెట్టాడు.

"సరే, ఈ నిమ్మపూతకి నువ్వే చేర్చు. మీసాలాయన్ని అదే రోజు మధ్యాహ్నం రమ్మంటాను. ఒక్క పెట్టె పోయినా సరే, అన్నీ ఆయనకే. మళ్ళీ నోరెత్తకూడదు."

"ఎత్తను. డబ్బా ఎక్కడుందో చెప్పండి."

"పాత పెట్టెలో. ఆస్పత్రి నుంచే తమ్ముడి చేత అందులో పెట్టించా."

ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వెళ్ళి చూద్దును కదా, ఆయనగారి బీరువా వాకిట్లో ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కడిదో ఒక గుంపు పాత మైనం వాసన పట్టి అందులో కాపురం పెట్టేసింది! పొగ ఊది మూత తీశాను. జీపీఎస్ డబ్బా అడుగున ఉంది, దాని చుట్టూ వైరు చుట్టి ఉంది. రెండూ కలిపి పెట్టె చెక్కకి బంకతో అంటుకుపోయాయి. ఈగలు చెట్ల జిగురు తెచ్చి తమ ఇంట్లో సందులన్నీ మూసేస్తాయి, దాన్ని మేం బంక అంటాం. ఉలితో లేపి తీశాను. రెండు కుట్లు పడ్డాయి. ఒకటి నా వేలి మీద, ఇంకోటి ఏం జరుగుతోందా అని తొంగిచూసిన మా మరిది చెవి మీద.

మా మరిది కూరగాయల బండి నడుపుతాడు. మంచివాడే, కానీ తొందర ఎక్కువ. ఏ వస్తువైనా పని చెయ్యకపోతే ముందు గట్టిగా నొక్కుతాడు, తర్వాత ఇంకా గట్టిగా నొక్కుతాడు. మా బండి లేదు కాబట్టి వాడి బండిలోనే పెట్టెలు ఎక్కించాలి.

స్క్రీను మీది బంక గోకేసి, వైరుని ఫోను ఛార్జరుకి తగిలించి, డబ్బాని వంటింటి గట్టు మీద పెట్టాను. పొద్దున్నకి నిండుతుందిలే అనుకున్నాను. సాయంత్రం ఈగలు ఇళ్ళకి చేరాక పెట్టెల వాకిళ్ళు మూశాం, గాలాడేలా పైన జల్లెడలు బిగించాం, బండిలో పేర్చి తాళ్ళు కట్టాం. చీకట్లో కొండదారి వద్దని మా ఆయన ఒట్టు వేయించుకున్నాడు. అందుకని తెలతెలవారుతూ బయల్దేరాం.

మూసిన పెట్టెల సంగతి చెప్పాలి. లోపలి ఈగలు రెక్కలాడించి ఇల్లు చల్లబరుచుకుంటాయి. బండి కదులుతున్నంతసేపూ బయటి గాలి కూడా తగులుతుంది, ఫరవాలేదు. ఎండెక్కాక బండి ఆగిపోతే కంగారు పడతాయి. కంగారుకి వేడి పుడుతుంది, వేడికి మైనం కరుగుతుంది, కరిగి కారిన తేనెలోనే మునిగి చచ్చిపోతాయి. పోనీ దారిలో వాకిళ్ళు తెరుద్దామా అంటే, ఎగిరిపోయినవి మళ్ళీ మన బండిని వెతుక్కుంటూ రావు.

పెద్దరోడ్డు ఉన్నంతవరకూ ఇద్దరికీ దారి తెలుసు. డీజిలు బంకు దాటి కొండ వైపు తిరిగాక డబ్బా నొక్కాను. వెలిగింది. బ్యాటరీ లేదని ఎర్రగుర్తు చూపించి ఆరిపోయింది.

"అదేంటి వదినా, రాత్రంతా ఛార్జింగు పెట్టావుగా?"

"పెట్టాను. అది తినలేదు."

"ఫోనులో చూద్దాం ఉండు." చూశాడు. కొండ మొదట్లోనే సిగ్నల్ పోయింది. ఆ ఉన్న మ్యాపులో కూడా ముందంతా ఉత్త పచ్చరంగే. నిమ్మతోటల మధ్య మట్టిదారులు ఎవడు గీస్తాడు? అన్నీ ఒకేలా ఉంటాయి, అన్నిటికీ అవే ముళ్ళకంచెలు, అవే ఇనప గేట్లు.

"ఇటివ్వు వదినా, నా బండిలో యూఎస్‌బీ ఉంది" అని మరిది వైరు లాక్కుని ఒక కొస పాటల రేడియోకున్న కన్నంలో గుచ్చాడు. రెండో కొస డబ్బాలో గుచ్చాడు. సగమే దిగింది. నొక్కాడు. దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కబోయాడు.

"ఒరేయ్! చెయ్యి తియ్! విరిగిందంటే నిన్ను ఆ పెట్టెలో పెట్టి మూసేస్తా!"

బండి ఆపించి డబ్బాని వెలుతురులో తిప్పి చూశాను. ఛార్జింగు కన్నం లోపల గోధుమరంగులో నున్నగా మెరుస్తోంది. బంక! సన్నటి సందు కనిపిస్తే ఈగ ఊరుకుంటుందా? తన ఇంట్లో కన్నం అనుకుని శుభ్రంగా మూసేసింది. రాత్రంతా వైరు ఆ బంకకి ఆనుకుని ఉంది తప్ప లోపలికి చేరనేలేదు. లోకంలో జీపీఎస్‌లు నీళ్ళలో పడి పాడవుతాయి, కింద పడి పాడవుతాయి. ఈగలు సీలు వేసిన జీపీఎస్ మా ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వడానికి టైం కూడా లేదు, ఎండ బండి మీదికి వచ్చేసింది.

చేతికి బంక అంటితే మేం స్పిరిటుతో కడుక్కుంటాం. ఆస్పత్రి నుంచి ఈయన్ని తెచ్చినప్పుడు కట్టు మార్చడానికి ఇచ్చిన స్పిరిటు సీసా, దూది ఇంకా మరిది బండి డాష్‌బోర్డులోనే దొర్లుతున్నాయి. చున్నీ పిన్నీసు తీసి, కొసకి దూది చుట్టి, స్పిరిటులో ముంచి కన్నంలో తిప్పాను. లోపలి సన్నటి రేకులు వంగితే డబ్బా పని అయిపోయినట్టే. ఊపిరి బిగబట్టి చేశాను. దూది మార్చాను, మళ్ళీ తిప్పాను. అంతసేపూ నా చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. పొద్దున జోకొడుతున్నట్టున్న చప్పుడు పెరిగి సన్నటి కూతగా మారుతోంది.

"వదినా, కొంచెం తొందరగా..."

"నీళ్ళు చల్లు! నా నెత్తిన నిలబడకపోతే ఆ క్యాను తీసుకుని జల్లెడల మీద చల్లచ్చుగా!"

ఈసారి వైరు టక్కున దిగింది. స్క్రీను వెలిగింది. మరిది ఈల వేశాడు. దారి వస్తుందని చూస్తే రాలేదు. ఒక కంప్యూటరు బొమ్మ, దానికి వైరుతో తగిలించిన డబ్బా బొమ్మ, అంతే. ఏం నొక్కినా కదల్లేదు. మరిది రేడియో మాత్రం పాటలు వెతుకుతున్నానని చెప్పి, కాసేపాగి పాటలు లేవంది.

"దీని మొహం మండ! ఇదేంటి వదినా?"

ఆ బొమ్మని నేను ఇదివరకు చూశాను. మా ఆయన మ్యాపులు ఎక్కించుకోవడానికి కంప్యూటరు కొట్టుకెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. వైరు తగిలించగానే ఇదే వచ్చింది. కంప్యూటరుకి తగిలిస్తే ఇది దారి చూపించడం మానేసి, ఉత్త పెట్టెలా నోరు తెరుచుకుని కూర్చుంటుందని కొట్టువాడు చెప్పాడు. మా బండిలో సిగరెట్ ప్లగ్గుకి పెట్టే ఛార్జరు ఉంది, దాన్నుంచి ఒట్టి కరెంటే వస్తుంది కాబట్టి పేచీ లేదు. ఆ ఛార్జరు బండితోపాటు మెకానిక్ షెడ్డులో ఉంది. మరిది బండిలో సిగరెట్ ప్లగ్గు ఎప్పుడో చచ్చింది. ఇప్పుడీ డబ్బా పాటల రేడియోని కంప్యూటరు అనుకుంటోంది. రేడియో ఏమో డబ్బాని పాటల పెట్టె అనుకుంటోంది. దొందూ దొందే.

వైరు పీకాను. దారి వచ్చింది! మా బండి గుర్తు, ముందు రెండుగా చీలిన మట్టిదారి కనిపించాయి. ఎడమకా కుడికా అని చూసేలోపు ఎర్రగుర్తు వచ్చి ఆరిపోయింది. తగిలిస్తే దారి లేదు, పీకితే ప్రాణం లేదు.

"ఇక్కడే ఆగి కాసేపు ఛార్జింగు పెడదాం వదినా, కొంచెం ఎక్కాక పోదాం."

"ఆగితే అవి ఉడికిపోతాయి."

"పోనీ ఏదో ఒక దారిలో పోదాం."

"తప్పితే ఆ సందుల్లో వెనక్కి తిప్పలేవు. అప్పుడూ ఉడికిపోతాయి."

చెప్పొద్దూ, సందు చివరి కొట్టు గుర్తొచ్చింది. మంచం మీద ఆయన, పక్కన కుర్చీలో మీసాలాయన, "చెప్పానా" అనే ఆ మొహం కళ్ళ ముందు కనపడింది. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. ఏడుపు కంటే కోపం నయం, దాంతో ఏదైనా చెయ్యచ్చు.

"బండి తియ్. వెనక్కి, పెద్దరోడ్డు మీదికి."

"వెనక్కా?"

"డబ్బాకి కరెంటు కావాలి, ఈగలకి గాలి కావాలి. రెండూ పరిగెడుతుంటేనే దొరుకుతాయి. పెద్దరోడ్డు మీద తప్పిపోయేదేం లేదు. వైరు తగిలించి పోనీ, కొంచెం ఎక్కాక తిరిగొద్దాం."

అలాగే పోయాం. వైరు తగిలించి, స్క్రీను ఆర్పేసి, ఒళ్ళో పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు పెద్దరోడ్డు మీద పోయి మళ్ళీ వచ్చాం. వెనక కూత కొంచెం తగ్గింది. మొదటి చీలిక దగ్గర వైరు పీకాను. డబ్బా వెలిగి, ఆకాశంలో దాని చుట్టాల్ని, ఆ ఉపగ్రహాల్ని, వెతుక్కునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎడమ అని చూపించింది. మళ్ళీ తగిలించాను. తర్వాతి చీలిక దగ్గర పీకాను, కుడి. తగిలించాను. ఆగిన ప్రతిచోటా మరిది దూకి క్యాను పట్టుకుని నీళ్ళు చల్లాడు. వాడి తొందర ఆ రోజు ఒక్కసారి అక్కరకొచ్చింది.

ఒకచోట మూడు దారులు కలిశాయి. డబ్బా వెలిగింది గానీ ఎక్కడున్నామో తేల్చుకోలేక ఆరిపోయింది. ఈసారి వెనక్కి పోవడానికి వీల్లేదు, సందు ఇరుకు. అక్కడే ఇంజను ఆపకుండా ఛార్జింగు పెట్టుకుని నిలబడ్డాం. మిగిలిన నీళ్ళన్నీ పోసేశాం. నేను బండెక్కి, ఒంటి మీది చున్నీ తీసి తడిపి, అందినంతవరకూ పెట్టెల మీద కప్పాను. ముందు వరసలో, డ్రైవరు క్యాబిన్‌ని ఆనుకుని ఉన్న పెట్టె నాకు అందలేదు. దాని కూత అన్నిటికంటే పైకి వినిపించింది. తర్వాత వినపడలేదు.

డబ్బా మళ్ళీ వెలిగింది. మధ్య దారి.

గేటు దగ్గర తోట యజమాని గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. "మీ ఆయన రాలేదా అమ్మా?" అన్నాడు. "నేనొచ్చాను" అన్నాను. ఆయన గేటు తీశాడు. నిమ్మపూత వాసన ముక్కుకి కొట్టింది. దింపిన పెట్టె దింపినట్టే వాకిలి తెరిచాను. బిలబిలమంటూ బయటికొచ్చి, గాల్లో గుండ్రంగా తిరిగి చోటు గుర్తుపెట్టుకుని, పూల మీద పడ్డాయి. నేను ఒక్కొక్క పెట్టెకీ చెవి పెట్టి విన్నాను. బతికున్నాయి. నా తల్లులు బతికున్నాయి.

చివర దింపింది క్యాబిన్ పక్కది. అడుగు నుంచి తేనె కారుతోంది. వాకిలి తెరిస్తే ఒక్క ఈగ కూడా రాలేదు. మూత తీసి చూశాను. ఫ్రేములు కూలిపోయి ముద్దయ్యాయి, ఆ ముద్దలో అన్నీ అతుక్కుని ఉన్నాయి. మట్టిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మరిది ఏం చెయ్యాలో తెలీక నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నయ్యకి చెప్పకు వదినా. మన షెడ్డు వెనక పాత పెట్టెలో కొత్త గుంపు ఉందిగా, దాన్ని ఇందులో పెట్టేద్దాం. లెక్క సరిపోతుంది. మంచం మీద మనిషి వచ్చి చూస్తాడా ఏంటి?"

మంచి ఉపాయమే. కాసేపు ఆలోచించాను కూడా. కానీ ఆ చచ్చినవి నా ఈగలు. వాటిని లేనట్టు మింగెయ్యడం నా వల్ల కాలేదు. తోటలో నీళ్ళ తొట్టి గట్టెక్కితే సిగ్నల్ వస్తుందని యజమాని చెప్పాడు. గట్టెక్కి మా ఆయనకి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చేరారా?"

"చేరాం."

"ఎన్ని పోయాయి?"

ఏమైనా పోయాయా అని అడగలేదు. ఎన్ని అన్నాడు. నాకు కారం రాసినట్టయింది.

"ఒకటి. క్యాబిన్ పక్కది. మీ బీరువాలో ఈగలు డబ్బా కన్నాన్ని బంకతో మూసేశాయి, మీ తమ్ముడి రేడియోని అది కంప్యూటరు అనుకుంది, చచ్చీ చెడీ చేర్చాను. అయినా ఒకటి పోయింది. దాచి చెప్పను. మీ మాట మీదే ఉండండి, ఇచ్చుకోండి మీసాలాయనకి. నేను నోరెత్తను."

అటువైపు మంచం కిర్రుమంది.

"ఒక్కటేనా?" అన్నాడు.

"ఒక్కటే. చాలదా?"

"ఆ తోటకి నేను మొదటిసారి పోయినప్పుడు సగం పోయాయే. నువ్వు పుట్టింట్లో ఉన్నావు. మూడు దార్ల దగ్గర తప్పిపోయి సాయంత్రం దాకా తిరిగా. నువ్వొచ్చేలోపు ఆ చచ్చిన పెట్టెలన్నీ కాల్చేసి, అమ్మేశానని చెప్పా. ఆ తర్వాతే ఆ డబ్బా కొన్నా."

నేను తొట్టి గట్టు మీదే కూర్చుండిపోయాను.

"దారి చెప్పవేం చెప్పవేం అని నన్ను చంపుకు తింటావు. నాకు తెలిస్తే కదే చెప్పడానికి! ఇప్పటికీ అది చూపిస్తే పోతా, లేకపోతే లేదు." గొంతు సవరించుకున్నాడు. "మీసాలాయన వచ్చి కూర్చున్నాడు. ఇక్కడే ఉన్నాడు. ఏం చెప్పమంటావ్?"

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. కింద తోటలో మా పెట్టెలు వరసగా ఉన్నాయి, ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. కళ్ళు తుడుచుకున్నాను.

"మీరేం చెప్పక్కర్లేదు. ఫోను ఆయనకివ్వండి. నేను చెప్తా."

ఇచ్చాడు.